రంగు పడని దేవర మొకం

జగిత్యాలలో కొత్తగా పెట్టిన ఆదివాసీ మ్యూజియం వాళ్ళు నన్ను పిలిచింది సలహా కోసం. చుట్టుపక్కల బడులతో మ్యూజియం ఎట్లా కలిసి పనిచేయాలో చెప్పమని, రిటైరైన పంతుళ్ళను నలుగురైదుగురిని పోగుచేశారు. సిరిసిల్ల చుట్టూ ఉన్న బడుల్లో జీవితమంతా సుద్దముక్కలు అరగదీసిన దాన్ని కనుక అందులో నేనూ ఒకదాన్ని. మీటింగుకు ఇంకా అరగంట ఉందని గదులన్నీ తిరుగుతుంటే, మూడో గదిలో, అద్దాల పెట్టెలో, తెల్లటి లైటు కింద అది కనిపించింది. పెద్ద పెద్ద కండ్లు, నెత్తి మీద కిరీటం, ఎడమ చెవి దగ్గర కిరోసిన్ డబ్బా రేకుతో వేసిన అతుకు. ఆ అతుకు చూడగానే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కింద చిన్న బోర్డు ఉంది. ‘గిరిజన దేవతా ముఖం. పొనికి కర్ర. సేకరణ: ఒక పాఠశాల నుండి. చేసినవారు: తెలియదు.’

తెలియదట! అరికాలి మంట నెత్తికెక్కింది. తెలియకపోవడానికి అది ఆకాశం నుంచి ఊడిపడిందా? దాన్ని చెక్కిన మనిషి చేతులు నేను చూశాను. ఆ చేతులు మా బడి కిటికీ కమ్ములు పట్టుకొని ఎన్ని రోజులు నిలబడ్డాయో చూశాను. అది ఆ బడిలోకి ఎట్లా వచ్చిందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు, వచ్చేటట్టు చేసింది నేనే కనుక. ఇదంతా కోపంతోనే రాస్తున్నాను. కాస్త చల్లబడ్డాక రాయమ్మా అన్నారు మా పిల్లలు. చల్లబడేదాకా ఆగితే ఈ వయసులో మొత్తానికే చల్లబడిపోతాను.

మాది సిరిసిల్లలో పద్మశాలీల ఇల్లు. ఇప్పుడు ఆ వాడలో అడుగుపెడితే పవర్‌లూముల మోతకు పక్క మనిషి మాట వినపడదు. అప్పుడు మా ఇంట్లో గుంట మగ్గం ఉండేది. బాపు కాళ్ళు గుంటలో, నడుము పైన, పొద్దంతా అదే కూర్చోవడం. అమ్మ గోడకు ఆనుకొని రాట్నం మీద కండెలు చుట్టేది. గంజి వాసన మా బట్టల్లో, జుట్టులో, అన్నంలో కూడా ఉండేది. పిల్లలం అయిదుగురం. కోరుట్లలో ఉన్న మేనత్తకు పిల్లలు లేరు. ఒకదాన్ని అటు తోలితే అత్తకు తోడు, మాకు ఒక కంచం తక్కువ అని పెద్దవాళ్ళు మాట్లాడుకొని నన్ను పంపారు. గంజి వాసన పోయి తంబాకు వాసన వచ్చింది. అత్త బీడీలు చుట్టేది. నానబెట్టిన తునికాకును తడి గోనెసంచిలో చుట్టి పెట్టి, పొద్దున్నే చేట ఒడిలో పెట్టుకొని కూర్చుంటే మళ్ళీ లేచేది నాకు అన్నం పెట్టడానికే. చేతులు తమ పని తాము చేస్తుంటే నోరు ఊరందరి సంగతులూ చెప్పేది. మామ మా బడిలోనే చప్రాసి. బడి తాళాల గుత్తిని తలుపు వెనక మేకుకు, దేవుని పటం పక్కన తగిలించేవాడు. స్నానం చేయకుండా దాన్ని ముట్టేవాడు కాదు. పటానికి దండం పెట్టడం మరిచిన రోజులున్నాయి కానీ తాళాలకు మరిచింది లేదు.

ఆ బడిలో నా పక్కన కూర్చునేది లచ్చవ్వ. నాయకపోడు అనే ఆదివాసుల పిల్ల. గుట్టల కింద వాళ్ళ గూడెం, రెండు కోసుల దూరం, రోజూ నడిచి వచ్చేది. వాళ్ళ గూడెంలో ఎనిమిదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. లెక్కల్లో నన్ను ఎప్పుడూ దాటేసేది. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు అప్పట్లో నోరు రాలేదు. వాళ్ళ తాత పొనికి కర్రతో దేవర మొకాలు చెక్కేవాడని, ఆయనే చెక్కిన గూడెం దేవర వాళ్ళ ఇంట్లోనే గంపలో ఉంటుందని ఆమే ఒకసారి చెప్పింది. ఏటా జాతర ముందు పాత రంగు గీకేసి కొత్త రంగు వేస్తారట. జాజు, పసుపు, సుద్ద, దీపం మసి. రంగు వేసి, గోదారిలో స్నానం చేయించి, అప్పుడు ఊరేగిస్తారట. “రంగు పడకుంటే దేవర కండ్లు తెరువదు,” అనేది. ఇంకో మాట కూడా చెప్పింది, అప్పుడు నేను పట్టించుకోలేదు. మొకం పాతబడితే దాన్ని గోదారిలో కలిపిన తరువాతే కొత్తది చెక్కాలి. పాతది ఎక్కడో ఒకచోట ఉండగా కొత్త కర్రకు ఉలి తాకించకూడదు.

అవి తెలంగాణ కొట్లాట మొదటిసారి రగులుకుంటున్న రోజులు. గోడల నిండా బొగ్గు రాతలు. మన మాట మాట్లాడితే క్లాసులో నవ్వే సార్లు ఉన్న రోజులు కూడా అవే. మా డ్రాయింగ్ సారు మాత్రం ఇక్కడి మనిషి, రక్తం సలసల కాగే మనిషి. ఒకరోజు బొమ్మ గీయించడం మానేసి బల్ల మీద గుద్దాడు. “మనకు సంస్కృతి లేదంటున్నరు. ఉన్నదో లేదో సూపెడుదాం. ఇంటికొక్క వస్తువు పట్కరాండ్రి. మూడు రోజులు బడిల పెడుదాం, ఊరంత అచ్చి సూడాలె.” నేను ఆదివారం సిరిసిల్ల పోయి బాపు పాత నాడె తెచ్చాను, పోగు పట్టుకొని మగ్గంలో అటూ ఇటూ ఉరికేది. లచ్చవ్వ ఏమీ తేలేదు. “మా ఇంట్ల ఏముంటది, కుండలు,” అంది. దేవర ఉంది కదా అని పట్టుకున్నది నేను. రెండు రోజులు వదలలేదు. “మీ దేవర అస్తె అందరి వస్తువులు దాని ముందట దిగదుడుపే. సారు నిన్నే మెచ్చుకుంటడు,” అని ఊరించాను. లెక్కల్లో దాటలేని దాన్ని ఇట్లా అయినా నా మాట వినేటట్టు చేసుకోవాలని ఉండిందేమో, ఇప్పుడు అనిపిస్తుంది.

మూడో రోజు పొద్దున తాతే గంప నెత్తిన పెట్టుకొని నడిచి వచ్చాడు, గోచి, భుజాన కంబళి. గంప దించకుండానే సారుతో మాట్లాడాడు. “మూడొద్దులంటే మూడొద్దులే సారూ. నాలుగో దినం పొద్దుగాల నేనే అచ్చి తీస్కపోత. నేల మీద పెట్టొద్దు, గోడ దిక్కు తిప్పొద్దు. పున్నానికి జాతరున్నది, రంగులు పెట్టే పని మస్తుంటది.”

“నా జిమ్మ, పూచీ నాది పెద్దమనిషీ,” అన్నాడు సారు. “బడి మీద నమ్మకం లేదా?”

“బడి మీద లేకుంటే ఇంకేడుంటది సారూ,” అని తాత గంప దించాడు.

ఎగ్జిబిషన్ మొదలైన రెండో రోజే జగిత్యాల నుంచి పెద్ద కాలేజీ పిల్లలు లారీలో వచ్చారు. బడులు బంద్. బెంచీలు బయటకు వచ్చాయి, కిటికీల రెక్కలు ఊడాయి, పోలీసులు వచ్చారు, లాఠీలు లేచాయి. డ్రాయింగ్ సారు బల్ల ఎక్కి మాట్లాడితే పట్టుకుపోయారు. కొన్ని వారాలకు విడిచిపెట్టారని, ఇంకో ఊరికి బదిలీ చేయించుకున్నాడని తరువాత విన్నాం. నా జిమ్మ అన్న మనిషి ఒక్క ముక్క రాసి పంపలేదు. జైలుకు పోయినందుకు ఆయనను ఊరంతా పొగిడింది, నేనూ పొగిడాను. ఇప్పుడు పొగడను. ఆ సాయంత్రం మామ ఎగ్జిబిషన్ గదికి పెద్ద తాళం వేసి గుత్తిని మేకుకు తగిలించాడు. ఒక్క పూట తప్ప, నెలల తరబడి అది అక్కడే వేలాడింది.

నాలుగో రోజు పొద్దున తాత వచ్చాడు. గేటు దగ్గర పెద్ద క్లాసుల పిల్లలు కాపలా ఉన్నారు. బడి తాళం తీస్తే సమ్మె విరిగినట్టే అని వాళ్ళ లెక్క. హెడ్మాస్టరేమో, తాళం తీస్తే రాళ్ళు పడతాయని ఇంట్లోంచి బయటకే రాడు. ఒకరిది ఉద్యమం, ఒకరిది భయం, మధ్యలో ముసలాయన. మరునాడూ వచ్చాడు, ఆ మరునాడూ వచ్చాడు. గది వెనక కిటికీకి రెక్క ఊడిపోయి కమ్ములు మాత్రం మిగిలాయి. అందులోంచి చూస్తే బల్ల మీద దేవర కనిపించేది, చేయి చాపితే అందేది కాదు. ఒకరోజు కొబ్బరి చిప్పల్లో రంగులు కలుపుకొని వచ్చాడు, పొడుగాటి కర్రకు పీచు కుంచె కట్టుకొని. “తాళం తియ్యకుంటిరి. కిటికీలకెల్లే నాలుగు సుక్కలు పెట్టిపోత, జరుగుండ్రి,” అని కమ్ముల్లోంచి కర్ర దూర్చాడు. కుంచె దేవర ముఖానికి జానెడు దూరంలో ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. అందులో ఒకడు, తరువాత పెద్ద లాయరైనవాడు, కాస్త మర్యాదగానే చెప్పాడు. “తాతా, నువ్వు గూడ తెలంగాణ కొరకు త్యాగం చెయ్యాలె. తెలంగాణ అచ్చినంక మేమే తాళం తీస్తం.”

తాత కర్ర వెనక్కి తీసుకొని వాణ్ణి అడిగాడు. “పున్నం లోపట అత్తదా కొడుకా?”

ఆ మాటకు కూడా నవ్వారు. నేను అత్తకు పసుపు కొనుక్కొని అటుగా పోతూ అక్కడే నిలబడి ఉన్నాను. నేను నవ్వలేదు అని రాసుకోవాలని ఉంది. నవ్వానో లేదో నాకు నిజంగా గుర్తు లేదు.

దీనికంటే సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. జాతరకు నాలుగు రోజుల ముందు బాపు సిరిసిల్ల నుంచి వచ్చాడు. ఆ నాడె ఆయన తండ్రిదట, అది లేక చేయి ఆడడం లేదట. మరునాడు కోడి కూసే వేళకు మామ స్నానం చేసి, తాళాలకు దండం పెట్టి, నన్ను వెంట తీసుకొని బడి వెనకదారిన పోయాడు. ఎవరి వస్తువు ఏదో నాకు తెలుసు కదా. గది తెరిచాం. నాడె తీసుకొని మామ తువాలలో చుట్టుకున్నాడు. పక్కనే, మూరెడు దూరంలో, దుమ్ము పట్టిన దేవర ఉంది, ఎడమ చెవి దగ్గర రేకు అతుకుతో. “మామా, లచ్చవ్వోళ్ళది గూడ,” అన్నాను. “దేవరను పట్కొని పోతె ఊరు చూడదానే? నౌకరి పోతది. నడువ్,” అన్నాడు. నేను నడిచాను. ఇంకోసారి అడగలేదు, ఏడవలేదు, కాళ్ళు తన్నుకోలేదు. సాలోళ్ళ నాడెకు తీసిన తాళం నాయకపోళ్ళ దేవరకు తీయలేదు. మామ పిరికివాడు, మంచివాడు. అట్లాంటి మంచివాళ్ళ చేతిలో తాళాలు ఉండడం వల్లే ఎన్నో గదులు మూసుకొని ఉంటాయని అప్పుడు తెలియదు.

ఆ ఏడు పున్నానికి గూడెంవాళ్ళు ఉత్త గంప మీద బట్ట కప్పి గోదారికి తీసుకుపోయారని అత్త బీడీలు చుడుతూ చెప్పింది. బడి తెరిచేనాటికి గది ఖాళీ. తనిఖీకి వచ్చిన అధికారి మంచి మంచి వస్తువులు ఏరుకొని జీపులో వేసుకుపోయాడట. “సర్కారు కాడ భద్రంగుంటది,” అన్నాడు హెడ్మాస్టరు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పాలి? లచ్చవ్వ మళ్ళీ బడికి రాలేదు. ఇంట్లోంచి దేవరను పోగొట్టిన సదువు ఇంకా ఏం సదువని వాళ్ళ నాయన మాన్పించాడట. నెల తిరిగేసరికి హాజరుపట్టీలో ఆమె పేరు కొట్టేశారు. ఆ ఏడు లెక్కల్లో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

తరువాత నేను పంతులమ్మనయ్యాను. రెండోసారి ఉద్యమం వచ్చినప్పుడు సమ్మెలో కూర్చున్నాను, రోడ్డు మీద వంటలు చేశాను, బతుకమ్మలాడాను. తెలంగాణ వచ్చిన రోజు ఏడ్చాను కూడా. లచ్చవ్వ గూడెం కోరుట్లకు రెండు కోసులే. ఇన్నేండ్లలో నేను ఒక్కసారీ పోలేదు. పనులుండె అని చెప్పను. మొకం చెల్లక పోలేదు.

మ్యూజియం మీటింగులో కుర్ర ఆఫీసరు తెర మీద బొమ్మలు చూపించాడు. హైదరాబాదు అబ్బాయి, చాలా మర్యాదస్తుడు. పిల్లలకు క్విజ్ పెడతారట, కాగితం పళ్ళేల మీద గిరిజన ముఖాలు గీయిస్తారట, మూడో గది బయట ఫొటోలు దిగే చోటు పెడతారట. “మీ సలహాలు చెప్పండి మేడమ్,” అన్నాడు నావైపు తిరిగి.

“మీ మూడో గదిలో ఉన్నది ఒక బడి పిల్ల ఇంట్లోంచి బడి గుంజుకున్నది బాబూ. బడులతో మీరు చేయాల్సిన మొదటి పని, దాన్ని బడి పిల్లల కళ్ళముందే ఆ ఇంటికి తిరిగి ఇవ్వడం,” అని జరిగినదంతా చెప్పాను.

అతని ముఖం నిజంగానే వాడిపోయింది. “ఇస్తే వాళ్ళు భద్రపరచగలరా మేడమ్?” అన్నాడు.

“భద్రపరచరు. గోదారిలో కలుపుతారు. కలిపితేనే కొత్తది చెక్కుకోగలరు.”

“నీళ్ళల్లోనా!” కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. “అది మన వారసత్వం మేడమ్!”

“మన అంటే ఎవరు?” అన్నాను. నా గొంతు పెద్దదైంది. పక్కనున్న సోషల్ మాస్టారు నా చేయి పట్టుకున్నాడు. “కోపం తగ్గించుకో సరోజమ్మా. పిల్లలకు సూపెట్ట ఒక్కటన్న ఉండాలె గద,” అన్నాడు. ఆ మాటను నేను తీసిపారేయను. చూపించడానికి వస్తువు లేక గాలిలో బొమ్మలు గీసి పాఠం చెప్పినదాన్నే నేను. కానీ పిల్లలకు ఆ గూడెం చూపించండి. పాత రంగు గీకడం, మసి నూరడం, గోదారిలో కలపడం, ఆ మరునాడు కొత్త కర్రకు మొదటి ఉలిదెబ్బ వేయడం చూపించండి. ఏటా ఒక బడి పోయి వారం కూర్చుంటే పదేండ్లకు పది బడుల పిల్లలకు ఆ పని తెలుస్తుంది. అద్దాల పెట్టె ముందు వరుసలో నిలబడి పోయే పిల్లకు ఏం తెలుస్తుంది అన్నాను. అబ్బాయి తల ఊపుతూ రాసుకున్నాడు. వెళ్ళేటప్పుడు తొంగి చూశాను. ‘స్థానికులతో ముఖాముఖి, శాలువా’ అని ఉంది.

మరునాడే గూడెం పోయాను. లచ్చవ్వ అరుగు మీద కూర్చొని కందులు చెరుగుతోంది. పళ్ళు ఊడాయి, చూపు మాత్రం అదే. “పంతులమ్మవైనవని యిన్న సరోజా,” అంది చేట ఆపకుండా. నేను చెప్పింది విని చేట పక్కన పెట్టింది. “యాభై ఏండ్ల మీద్నాయె. మా జాతరల ఉత్త గంపే తిరుగుతాంది. మా నాయిన చెక్కలేదు, మా అన్న చెక్కలేదు. ఉలి వట్టుడే మర్సిన్రు. ఇప్పుడు చెక్కొచ్చేటోడు గూడెంల ఒక్కడే ఉన్నడు, ఆనికి గూడ చేతులు వణుకుతున్నయ్.” నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆమె ఊరి బడి పిల్లలనే మ్యూజియం మొదటి విడతలో పిలిచింది. లచ్చవ్వను అతిథిగా పిలిచి శాలువా కప్పారు. నేనూ వెంట ఉన్నాను. శాలువాతో ఆమె మూడో గదిలోకి వచ్చి అద్దం మీద చేయి పెట్టగానే, “ముట్టొద్దమ్మా,” అన్నాడు కాపలా మనిషి. ఆమె చేయి తీయలేదు. “రంగంత పోయింది గదనే,” అంది నాతో, నెమ్మదిగా.

పిల్లల చేతుల్లో ప్రశ్నల కాగితాలున్నాయి. లచ్చవ్వ మనుమరాలు ఆరో తరగతి, పెట్టె అంచుకు కాగితం ఆనించి దీక్షగా రాస్తోంది. ‘దీన్ని చేసినవారు ఎవరు?’ అన్న ప్రశ్న పక్కన గుండ్రటి అక్షరాలతో ‘తెలియదు’ అని రాసింది.

“ఏం రాస్తున్నవే?” అంది లచ్చవ్వ.

“తెలియదు అని రాసిన బాపమ్మా. బోర్డు మీద గట్లనే ఉన్నది. సారు బోర్డు చూసే రాయమన్నడు.”

నాకు ఒళ్ళు తెలియలేదు. పిల్లలను వెంటబెట్టుకొచ్చిన కుర్ర మాస్టారు మీద విరుచుకుపడ్డాను. చేసినాయన మనుమరాలు ఎదురుగా శాలువా కప్పుకొని నిలబడి ఉంటే, ఆమెను అడిగి రాయండ్రా అని చెప్పాలని తట్టలేదా అని కేకలేశాను. “జవాబులు మ్యూజియమోళ్ళే ఇచ్చిన్రు మేడమ్, వేరే రాస్తె మార్కు పోతది,” అని గొణిగాడు పాపం. పిల్ల బెదిరిపోయింది. నేను ఆ కాగితం లాక్కొని, సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి, ‘తెలియదు’ అన్న మాటను అడ్డంగా కొట్టేశాను. పక్కన సరైన జవాబు రాయబోయాను.

పెన్ను కదలలేదు. గది మొత్తం నన్నే చూస్తోంది. ఆ మనిషి చేతులు తెలుసు, కంబళి తెలుసు, కొబ్బరి చిప్పల్లో రంగులు తెలుసు. ఇన్నేండ్లూ తాత అనే తలచుకున్నాను. ఇదంతా రాస్తూ కూడా ఇక్కడిదాకా అట్లాగే రాసుకొచ్చాను.

“లచ్చవ్వా, తాత పేరేంది?” అన్నాను.

లచ్చవ్వ అద్దం మీది నుంచి చేయి తీసి నావైపు తిరిగింది. “గన్ని దినాలు మీ బడి కాడ కూసున్నడు, ఎవ్వలడగలె. గా బోర్డు అబద్ధం చెప్పలే సరోజా, మీకెవ్వలకు తెల్వదు,” అంది. “రాయి. భీమయ్య.”